బరువెక్కిన సైకిలు

ఆ పాత ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే మనిషిని అందరూ లిఫ్టు బాబాయి అనేవారు. అసలు పేరు జీతాలిచ్చే గదిలో వాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. వాళ్లు కూడా ఎదురుపడితే "బాబాయ్" అనే పిలిచేవారు. ఇనుప జల్లెడ తలుపు పక్కకి లాగడం, మనుషుల్ని ఎక్కించుకోవడం, తలుపు మూసి ఇత్తడి పిడి తిప్పడం, లిఫ్టు నేలా అంతస్తు నేలా సరిసమానంగా వచ్చేట్టు ఆపడం, ఇదీ ఆయన ఉద్యోగం. పొద్దస్తమానం మూడు కాళ్ల స్టూలు మీద కూర్చుని పైకీ కిందికీ తిరుగుతాడు. "నా అంత ప్రయాణం చేసినవాడు ఈ ఊళ్లో లేడు. కానీ వీధి చివరి దాకా కూడా పోలేదు" అని తనమీద తనే జోకు వేసుకునేవాడు.

లిఫ్టులో మనుషులకి కొదవ లేదు, మాటలకీ కొదవ లేదు. అయితే ఏ మాటా పూర్తిగా చెవిన పడదు. ఎవరింట్లోనో పెళ్లి సంబంధం రెండో అంతస్తులో మొదలై నాలుగో అంతస్తులో దిగిపోతుంది. ఎవరి మీదో కోపం ఐదో అంతస్తులో ఎక్కి, తలుపు తీయగానే నవ్వుగా మారిపోతుంది. బాబాయి ఆ సగం సగం కబుర్లన్నీ మూట కట్టుకుని సాయంత్రం ఇంటికి తీసుకుపోయేవాడు. ఆయన భార్య గుమ్మంలో కూర్చుని వాటికి తోకలు తగిలించేది. "ఆ సంబంధం కుదరదండీ. పిల్ల తండ్రికి అబ్బాయి నచ్చలేదు, అబ్బాయి గొడుగు నచ్చింది" అనేది. అబ్బాయికి గొడుగుందని ఆవిడకెలా తెలుసని అడిగితే, "ఉండకపోతే కథ ఎలా నడుస్తుంది?" అనేది. ఇద్దరూ పగలబడి నవ్వుకునేవారు. పిల్లలు కలగలేదు. కలగలేదని బెంగ పెట్టుకునే తీరిక కూడా వాళ్లకి లేకపోయింది.

ఆవిడ సైకిళ్లు బాగుచేసే ఇంటి ఆడపడుచు. పెళ్లికి ముందు తండ్రి కొట్లోనే పని చేసేది. చేతిలో ఎప్పుడూ మరలు తిప్పే పానా ఉండేది కాబట్టి ఆ వీధంతా పానాపిల్ల అనేవారు. కుర్రతనంలో బాబాయి ఒకసారి ముల్లు గుచ్చుకున్న టైరుతో ఆ కొట్టుకి వెళ్లాడు. మోచేతుల దాకా నల్లటి మడ్డి పూసుకున్న ఆ పిల్ల తల కూడా ఎత్తకుండా, "ముళ్లు రోడ్డు మీద ఉంటాయి. కళ్లు ఆకాశం మీద పెడితే ఇంతే" అంది. మర్నాడు బాబాయి మళ్లీ వెళ్లాడు. ఈసారి ముల్లు లేదు, టైర్లో గాలి తనే తీసేశాడు. పిల్ల తండ్రి చక్రం నొక్కి చూసి, కుర్రాణ్ని చూసి, "సైకిలు నిక్షేపంగా ఉందయ్యా. గాలి తీసింది నీకే" అన్నాడు. పెళ్లయ్యాక కాపురానికి వస్తూ ఆవిడ తెచ్చుకున్నది ఓ రేకు పెట్టె. అందులో పానాలు, పట్టకారు, నూనె డబ్బా. ఆ పెట్టె మంచం కింద ఉండేది. బాబాయి దాని మూత ఎత్తి ఎరగడు.

ఎత్తాల్సిన అవసరమే రాలేదని ఆయన నమ్మకం. "మా సైకిలు బంగారం! ఎండనక వాననక తొక్కుతున్నాను, ఒక్కనాడూ మొండికెయ్యలేదు. అప్పటి ఇనుము అలాంటిది, ఇప్పటివన్నీ అప్పడాలు" అని లిఫ్టులో ఎక్కినవాళ్లకల్లా చెప్పేవాడు. ఇంట్లోనూ అదే పాట. భార్య విని, "అవునవును, మంచి ఇనుము" అని నవ్వి ఊరుకునేది.

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ఆవిడకి జ్వరం తగిలింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆసుపత్రిలో చేర్చేసరికే చెయ్యి దాటిపోయింది. అంతా అయిపోయాక చుట్టాలు వచ్చారు, ఏడ్చారు, వెళ్లారు. బాబాయి మాత్రం ఏడవలేదు. తాళం చెవి ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటున్నవాడిలా అన్ని గదులూ తిరిగాడు. ఉన్నవి రెండు గదులే.

మళ్లీ పనిలోకి వెళ్లిన మొదటిరోజే ఆయనకో చిక్కు వచ్చిపడింది. ఆఫీసుకి వెళ్లే దారి సరిగ్గా మామగారి కొట్టు ముందునుంచే. మామగారు పోయి చాన్నాళ్లయింది, ఇప్పుడా కొట్టు బావమరిది నడుపుతున్నాడు. అక్కకీ తమ్ముడికీ ఒకటే ముక్కు, ఒకటే నుదురు. ఆ మొహం చూడగానే బాబాయి తల తిప్పుకుని గబగబా తొక్కుకుంటూ పోయాడు. మర్నాటినుంచి దారి మార్చేశాడు. చుట్టూ తిరిగి, రైలు పట్టాల మీది వంతెన ఎక్కి దిగి వెళ్లసాగాడు. బావమరిది ఒకసారి ఇంటికొచ్చి తలుపు తట్టాడు. బాబాయి లోపలే ఉండి పలకలేదు. ఆ తర్వాత అతనూ రాలేదు. బావకి అక్కతోనే చుట్టరికం తీరిపోయిందని అతను అనుకుని ఉంటాడు. అలా ఒకే ఊళ్లో ఉండి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

ఆ కొత్తదారిలోనే ఒకరోజు కుక్క అడ్డం వచ్చింది. బ్రేకు నొక్కితే సైకిలు ఆగీ ఆగనట్టు ఆగింది. కుక్క తప్పుకుంది, బాబాయి తప్పుకోలేక గోడకి గీసుకున్నాడు. వెనక బ్రేకు దగ్గర వైరు చివర గుండ్రటి చిన్న మర ఒకటుంటే దాన్ని తిప్పి చూశాడు. తిప్పినకొద్దీ బ్రేకు గట్టిపడింది. "ఇంతేనా! ఇంత చిన్నపనికి కొట్టుకి వెళ్లడమెందుకు?" అనుకుని మరికాస్త తిప్పాడు. బతుకులో సైకిలుకి ఆయన చేసిన మొదటి మరమ్మతు అదే. దాన్ని గురించి చెప్పుకోడానికి ఇంట్లో ఎవరూ లేకపోయారు.

తర్వాత మెల్లమెల్లగా ఒంట్లో ఏదో తేడా తెలియసాగింది. ఇదివరకు ఈల వేసుకుంటూ తొక్కే దారిలో ఇప్పుడు ఊపిరి అందడం లేదు. పిక్కలు రాళ్లలా బిగుసుకుపోతున్నాయి. మొదట్లో దారి పెరిగింది కదా అని సరిపెట్టుకున్నాడు. ఆ తర్వాత వంతెన ఎక్కలేక దిగి నడిపించుకుపోవడం మొదలుపెట్టాడు. చివరికి వంతెన దిగేటప్పుడు కూడా తొక్కాల్సి వస్తుంటే, ఎదురుగాలి అనుకున్నాడు. పొద్దున వెళ్లేటప్పుడూ ఎదురుగాలే, సాయంత్రం వచ్చేటప్పుడూ ఎదురుగాలే. గాలి కూడా పగబట్టింది కాబోలు అనుకున్నాడు.

ఆయన స్టూలు మీద ఆయాసపడటం లిఫ్టులో జనం గమనించారు. అంతస్తుకో వైద్యం మొదలైంది.

"రక్తం తక్కువై ఉంటుంది బాబాయ్, ఇనుము మాత్రలు వేసుకో" అంది మూడో అంతస్తు టైపిస్టమ్మ.

"మాత్రలెందుకు? పొద్దున్నే చన్నీళ్ల స్నానం చెయ్యి" అన్నాడు నాలుగో అంతస్తు గుమాస్తా.

"చన్నీళ్లు చేస్తే గుండె పట్టేస్తుంది! వేడినీళ్లు తాగు" అన్నాడు ఐదో అంతస్తు పెద్దాయన, ఇంకా దిగకుండానే.

అందరికీ "అలాగేనండీ" అన్నాడు బాబాయి. అందరూ దిగిపోయారు. తలుపు మూసి ఖాళీ లిఫ్టుని కిందికి దించుతుంటే ఆయనకి ఒక సంగతి తట్టింది. ఇంతమంది మందు చెప్పారు గానీ, ఇంట్లో ఎవరున్నారు, అన్నం తింటున్నావా అని ఒక్కరూ అడగలేదు. తప్పు వాళ్లది కాదు. అంత పెద్ద ప్రశ్న అడగడానికి ఆ కాసేపటి లిఫ్టు సరిపోదు.

అవతలి పేటలో ఉండే బాబాయి అక్క ఈ సంగతి విని పరుగెత్తుకొచ్చింది. "ఒరేయ్ తమ్ముడూ, అద్దంలో మొహం చూసుకున్నావా? పీక్కుపోయి పిట్టలా అయ్యావు. ముందు ఆసుపత్రికి నడు" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. డాక్టరమ్మ గుండె చూసింది, నాడి చూసింది, రక్తం తీయించింది. అన్నీ వచ్చాక, "మీ వయసుకి మీరు బాగానే ఉన్నారండీ. రోజూ సైకిలు తొక్కుతారా? అందుకే ఇంత గట్టిగా ఉన్నారు. మానకండి" అంది.

బయటికొచ్చాక అక్క తేలికపడింది. బాబాయి మనసు మాత్రం ఇంకా కుంగింది. డాక్టరమ్మకి కూడా అందని జబ్బంటే అది సామాన్యమైనది కాదని ఆయన తేల్చుకున్నాడు. భార్య వెళ్లిన దారినే తననీ ఏదో లాగుతోందనిపించింది. ఆ తలంపుకి ఆయన భయపడలేదు. అదే ఆయనకి వింతగా తోచింది. చలికోటు తీసి గేటు కాపలా మనిషికి ఇచ్చేశాడు. "ఇదేంటి బాబాయ్, ముందుంది చలికాలమే కదా" అంటే, "నాకు అవసరం పడదులే" అన్నాడు. ఇంట్లో కుండీలో మొక్కని పక్కింటి కుట్టుపని ఆవిడ అరుగు మీద పెట్టేశాడు. సైకిలు ఎవరికివ్వాలా అని ఆలోచించసాగాడు.

ఆ ఆలోచనతోనే ఒక సాయంత్రం వంతెన మీదికి సైకిలు నెట్టుకుంటూ వచ్చాడు. అటువైపు వాలు మొదలయ్యేచోట, చెమటకి మసకబారిన కళ్లద్దాలు తుడుచుకుందామని ఆగాడు. పరధ్యానంలో స్టాండు వెయ్యడం మరిచి రెండు చేతులూ వదిలేశాడు. వదిలాక గుర్తొచ్చింది. ఈపాటికి సైకిలు వాలులో దొర్లిపోయి లారీ కింద పడి ఉండాలి. తిరిగి చూస్తే, అది ఉన్నచోటే ఉంది! దొర్లాల్సిన సైకిలు కదలకుండా నిలబడి, కాసేపు ఆలోచించుకున్నట్టు ఊగి, మెల్లగా పక్కకి ఒరిగి పడింది.

బాబాయి దాన్ని లేపాడు. వాలు వైపు నెట్టాడు. గట్టిగా నెడితే తప్ప కదల్లేదు. సీటు పట్టుకుని వెనక చక్రం పైకెత్తి చేత్తో తిప్పాడు. చక్రం కొంచెం కదిలి, ఎవరో గబుక్కున పట్టుకున్నట్టు ఆగిపోయింది. వంగి చూశాడు. చక్రానికి అటూ ఇటూ ఉండాల్సిన రబ్బరు ముక్కలు రెండూ రిమ్ముని కరిచి పట్టుకుని ఉన్నాయి. బ్రేకు మీట మీద ఎవరి చెయ్యీ లేదు. అయినా బ్రేకు పడే ఉంది. రిమ్ము ముట్టుకుంటే వెచ్చగా తగిలింది.

ఆయన ఆ వంతెన మీదే నవ్వడం మొదలుపెట్టాడు. ఇనుము మాత్రలు, వేడినీళ్లు, డాక్టరమ్మ తీయించిన రక్తం, కాపలా మనిషికిచ్చిన చలికోటు! ఇన్నాళ్లూ బ్రేకు వేసుకుని సైకిలు తొక్కాడన్నమాట! ఆ నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగి, "విన్నావా?" అన్నాడు. పక్కన వంతెన గోడ ఉంది. నవ్వు ఆగిపోయింది. ఆవిడ పోయాక ఆయన ఏడ్చింది ఆ సాయంత్రమే. రైలు వెళ్లేదాకా కింద పట్టాల వైపు మొహం తిప్పుకుని నిలబడ్డాడు. దారిన పోయేవాళ్లు రైలు చూస్తున్నాడు కాబోలనుకున్నారు.

ఇంటికి చేరాక మంచం కిందినుంచి రేకు పెట్టె లాగాడు. మూత తీయగానే నూనె వాసన గుప్పుమంది. ఆవిడ చేతుల వాసన అది. సబ్బు వాసన వెనక ఎప్పుడూ ఈ వాసన ఉండేదని, అది ఇదేనని అప్పుడు తెలిసింది. పానాలు ఒక్కొక్కటే తీసి బ్రేకు మర మీద పెట్టి చూశాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చివరికి ఒకటి అతికింది. తిప్పాడు. రబ్బరు ముక్కల్ని పట్టుకుని ఉండే ఇనుప చేతులు రెండూ ఊడి చేతిలోకి వచ్చాయి. వాటి మధ్యనున్న స్ప్రింగు మాత్రం ఎవరో పిలిచినట్టు ఎగిరి ఎటో పోయింది. చేపలబుట్టలో చెయ్యి పెట్టినవాడిలా మంచం కిందంతా తడిమితే ఆఖరికి చెప్పులో దొరికింది. దొరికింది గానీ, దాన్ని ఎటునుంచి ఎటు తగిలించాలో ఆ దేవుడికే తెలియాలి. నేల మీద పరిచిన ముక్కలవైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఊళ్లో వేరే సైకిలు కొట్లు కూడా ఉన్నాయి. కానీ ఆ పెట్టెలో ఉన్న పానాలు ఏ కొట్టువో ఆయనకి తెలుసు.

మర్నాడు ముక్కలన్నీ సంచిలో వేసుకుని, సైకిలు నడిపించుకుంటూ పాతదారిన బయల్దేరాడు. కొట్టు దగ్గరపడేకొద్దీ సైకిలు మరీ మెల్లగా నడిపించాడు. బావమరిది నేలమీద గొంతుకూర్చుని టైరు ఎక్కిస్తున్నాడు. తల ఎత్తి చూశాడు. చేతిలో టైరు వదిలి లేచి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"రా బావా" అన్నాడు, నిన్ననే కలిసినట్టు.

బాబాయి సంచి తెరిచి చూపించాడు. "బ్రేకు పట్టేసి వదలడం లేదు. బాగుచేద్దామనుకుంటే ఇలా అయింది."

బావమరిది సంచిలోకి చూసి పెదవి కొరుక్కున్నాడు. "రోగిని ముక్కలు చేసి తెచ్చి రోగమేంటని అడిగితే ఎలా బావా? ముందు ఉన్నదున్నట్టు బిగించు."

"నేనా?"

"నువ్వే. స్ప్రింగు ఎటు పెట్టాలో చెబుతా. మా నాన్న అక్కకీ నాకూ ఇలాగే నేర్పాడు. చెయ్యి పెట్టేవాడు కాదు."

ఒక స్టూలు జరిపాడు. బాబాయి కూర్చున్నాడు. స్ప్రింగు వేళ్లని రెండుసార్లు కరిచాక దాని చోట్లో అది కూర్చుంది.

"ఇప్పుడు మీట నొక్కి వదులు. ఏమైంది?"

"మీట వెనక్కి వచ్చింది."

"మరి రబ్బర్లు?"

"రాలేదు. పట్టుకునే ఉన్నాయి."

"అయితే తప్పు వైరుదైనా కావాలి, ఈ ఇనుప చేతులదైనా కావాలి. ఇద్దరు దొంగల్లో ఎవరో తేలాలంటే ఇద్దర్నీ విడదీయాలి. వైరు విప్పెయ్."

బాబాయి వైరు విప్పాడు. ఇనుప చేతులు సగం తెరుచుకుని అక్కడే నిలిచిపోయాయి.

"సగమే వచ్చాయిరా."

"అంటే ఇద్దరూ దొంగలే" అన్నాడు బావమరిది. "వైరు పట్టు పోయాక సగం వచ్చింది, కాబట్టి సగం పాపం దానిది. మిగతా సగం ఆ రెండు చేతులూ తిరిగే మర దగ్గరుంది. ముందు వైరు చూడు. గొట్టంలోంచి లాగు."

లాగితే వైరు గరగరమంది. బయటికొచ్చాక చూస్తే, గొట్టం వంపు తిరిగే చోట తుప్పు పట్టి, పోగులు లేచి ముళ్లకంపలా ఉంది. వానాకాలంలో నీళ్లు వంపులోకి దిగి అక్కడే ఉండిపోయాయట. లాగడానికి చేతి బలం ఉంటుంది కాబట్టి వైరు వస్తుంది. వెనక్కి పోవడానికి స్ప్రింగు బలమే దిక్కు. దానికి ఆ తుప్పు లొంగదు. ఇక మర మళ్లీ విప్పి వెలుతురులో చూస్తే, లోపల ఎండిన మడ్డీ దుమ్మూ కలిసి బంకలా గడ్డకట్టి ఉన్నాయి. కిరసనాయిల్లో ముంచి గుడ్డతో తుడుస్తుంటే బాబాయికి ఆ గుండ్రటి చిన్న మర గుర్తొచ్చింది. కుక్క సంగతి, తను తిప్పిన సంగతి చెప్పాడు.

బావమరిది దాన్ని చూసి నవ్వాడు. "అయితే మూడో దొంగవి నువ్వే. రబ్బర్లని రిమ్ముకి ఆనించి పెట్టావు. అవి వదలాలన్నా చోటు లేదు."

కొత్త వైరు, కొత్త గొట్టం వేశారు. మరకి నూనె పోసి, బిగించి, చేతులు తేలిగ్గా ఆడేంత వదులు చేశారు. గుండ్రటి మరని మొదటికి తిప్పారు. "ఇప్పుడు తిప్పు" అన్నాడు బావమరిది. బాబాయి చక్రం తిప్పాడు. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది, తిరుగుతూనే ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

"ఇన్నేళ్లూ ఒక్కనాడూ ఇలా చెయ్యలేదురా ఇది" అన్నాడు బాబాయి. "బంగారంలాంటి సైకిలు. ఆవిడ పోయాక దీనికీ ఏమైందో."

బావమరిది చేతిలో గుడ్డ మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టాడు.

"ఆదివారాలు నువ్వు పొద్దెక్కేదాకా పడుకుంటావు కదా బావా."

"ఆఁ."

"ఆ టైములో అక్క దీన్ని వాకిట్లో బోర్లించి పెట్టేది. వైర్లోకి నూనె వదిలేది, మడ్డి తుడిచేది, రబ్బర్లు అరిగితే నా దగ్గరికొచ్చి కొత్తవి పట్టుకుపోయేది. నువ్వు లేచేసరికి ఎప్పట్లా గోడకి ఆనించి పెట్టేసేది. నీకు తెలుసనుకున్నాను."

బాబాయి చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు. "నాతో ఒక్కసారైనా చెప్పలేదేం?" అన్నాడు.

"నేనూ అడిగాను. 'చెప్పకురా, ఆయన సైకిల్ని మెచ్చుకుంటుంటే నాకు సరదాగా ఉంటుంది' అంది. నువ్వు ఇనుము గురించి ఎలా చెబుతావో చేతులు తిప్పి మరీ చూపించేది. ఇక్కడే, ఈ స్టూలు మీదే కూర్చుని."

అని బావమరిది లోపలికి వెళ్లాడు. లోపల నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. బయటికొచ్చినప్పుడు మొహం తడిగా ఉంది. "చెయ్యి కడుక్కో బావా, సబ్బు అక్కడుంది" అని మాత్రం అన్నాడు. వెళ్లేటప్పుడు, "ఆరోజు తలుపు తట్టాను" అన్నాడు. "లోపలే ఉన్నాను" అన్నాడు బాబాయి. అంతకుమించి ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఆఫీసునుంచి ఇంటికి వస్తుంటే సైకిలు కింద నేల లేనట్టే ఉంది. కాలు ఇలా ఆనించగానే అలా పోతోంది. ఆ ఊపులో తన సందు దాటిపోయి మళ్లీ వెనక్కి రావాల్సి వచ్చింది. తాళం తీసేసరికి ఇంకా ఎండ ఉంది. ఆవిడ పోయాక ఆ గదిని ఆయన పగటి వెలుగులో చూడటం అదే మొదలు. బల్ల మీద దుమ్ము, గోడకి ఆవిడ దువ్వెన తగిలించిన మేకు, మడత విప్పని దుప్పటి అన్నీ కనిపించాయి. ఇన్నాళ్లూ అలసట వల్ల వచ్చీ రాగానే పడుకునేవాడు. ఇప్పుడు ఒంట్లో అలసట లేదు. నిద్రకి ఇంకా బోలెడంత పొద్దుంది. ఏం చెయ్యాలో తెలియక సైకిలు తాళం చెవి వేళ్లకి చుట్టుకుంటూ గుమ్మంలో కూర్చున్నాడు. ఆరోగ్యం వచ్చాక ఒంటరితనం ఎక్కువైందని ఎవరితో చెప్పుకుంటాడు? చెబితే నవ్వుతారు.

లిఫ్టులో మాత్రం అందరూ సంతోషించారు. "చూశావా బాబాయ్, మాత్రలు పనిచేశాయి!" అంది టైపిస్టమ్మ. "పనిచేశాయమ్మా" అన్నాడు. "చన్నీళ్ల మహిమ!" అన్నాడు గుమాస్తా. "మీ చలవే" అన్నాడు. ఐదో అంతస్తు పెద్దాయనకి వేడినీళ్ల ఖ్యాతి కూడా దక్కింది. బ్రేకు కథ మొదలుపెట్టాలని ఒకటి రెండుసార్లు నోరు తెరిచాడు. మొదలుపెడితే ఆవిడ దగ్గరికి వచ్చేసరికి తలుపు తీయాల్సి వస్తుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు.

పాతదారినే వెళ్లిరావడం మొదలుపెట్టాడు. కొట్టు ముందు గంట కొడితే బావమరిది చెయ్యి ఎత్తుతాడు. పనిలో ఉంటే తల ఎత్తడు. ఏదైనా బాబాయికి సరిపోతుంది.

ఆదివారం వచ్చింది. ఎప్పుడూ ఇంకా పడుకునే ఉండే వేళకి ఆయన లేచి కూర్చున్నాడు. ఇంకా చల్లగా ఉంది. సైకిలు వాకిట్లోకి తెచ్చి బోర్లించి, రేకు పెట్టె పక్కన పెట్టుకున్నాడు. ఆ వేళకి ఆ సందు ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు. ఎవరో నీళ్లు పట్టుకుంటున్నారు. పాలమనిషి డబ్బాలు మోగిస్తూ వచ్చి, సైకిలు ముందు కూర్చున్న మనిషిని చూసి తడబడి, "అమ్మగారు కూర్చునే చోటు కదా అని..." అని సగంలో ఆపేశాడు.

"నీతో మాట్లాడేదా?"

"మాట్లాడకపోవడమేంటి సారూ! నా బండి గొలుసు ఊడితే ఆవిడే కదా ఎక్కించేది. నా చేత పాటలు కూడా పాడించుకునేది."

"ఆవిడ పాటలు వినేదా?" అన్నాడు బాబాయి. పాలమనిషి అవునని తలూపి, ఏ పాట ఎక్కువగా అడిగేదో చెప్పబోయి, ఆలస్యమవుతోందని వెళ్లిపోయాడు.

బాబాయి వైరు చివర నూనె చుక్క వదిలాడు. అది లోపలికి దిగేదాకా ఆగి మరో చుక్క వదిలాడు. ఎండ ఎక్కి కళ్లలో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పక్కింటి కుట్టుపని ఆవిడ అరుగు ఊడుస్తూ ఇదంతా చూసింది.

"అలా కాదు అన్నయ్యగారూ. వదిన వీపు ఎండకి పెట్టి కూర్చునేది. వెలుతురు పని మీద పడాలి, కంట్లో పడకూడదు అనేది."

ఆయన స్టూలు జరుపుకుని అటు తిరిగి కూర్చున్నాడు. వీపుకి ఎండ వెచ్చగా తగిలింది. రిమ్ము, రబ్బర్లు, వాటి మధ్య సన్నటి సందు అన్నీ స్పష్టంగా కనిపించాయి. తను అటు తిరిగి పడుకున్న గోడకి ఇవతల ఇన్నేళ్లూ ఇదంతా జరిగింది. తను లేచేసరికి ఆవిడకి సగం రోజు గడిచిపోయి ఉండేది. ఆ సగం గురించి తను ఎన్నడూ అడగలేదు.

పక్కింటావిడ చీపురు గోడకి ఆనించింది. "అడగొచ్చో లేదో గానీ... పని అయ్యాక ఆ డబ్బాలో మిగిలిన నూనె నా కుట్టుమిషనుకి వేసేది వదిన. ఆవిడ లేనప్పట్నుంచీ అది కిర్రుమంటోంది. ఎవర్ని అడగాలో తెలియలేదు."

"నాకు మిషను సంగతి తెలియదమ్మా" అన్నాడు బాబాయి. "ఎక్కడ వేసేదో చూశావా?"

"చూశాను గానీ గుర్తులేదు. నేను ఊరికే కబుర్లు చెబుతూ ఉండేదాన్ని."

"ఎక్కడ కిర్రుమంటే అక్కడ వేద్దాం" అన్నాడు. నూనె డబ్బా గుడ్డతో తుడిచి చేతిలోకి తీసుకుని, మోకాళ్ల మీద చెయ్యి ఆనించి లేచి, ఆవిడ వెనకాలే అరుగు ఎక్కాడు.